మోనా గారి నేలమాళిగ

మా పైవాటాలో ఉన్నవాళ్ళ అబ్బాయి ఈమధ్య గిటారు కొన్నాడు. వాడొక్కడైతే ఫరవాలేదు. సాయంత్రమయ్యేసరికి మరో ముగ్గురు చేరతారు. ఒకడు అట్టపెట్టె మీద దరువేస్తాడు, ఒకడు గొంతెత్తుతాడు, మూడోవాడు ఏం చేస్తాడో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదుగానీ, వాడు రానిరోజున మిగిలినవాళ్ళు పోట్లాడుకుంటారు. కింద నేను చారుకి పోపు పెడుతూంటే ఆవాలు నూనెలో చిటపటలాడుతున్నాయో, పైన అట్టపెట్టె చిటపటలాడుతోందో తెలియదు.

"మీరైనా చెప్పండి వాళ్ళకి. పరీక్షలకి చదివే పిల్లలున్న ఇళ్ళు" అంది ఎదురింటావిడ. సరే, పెద్దరికం నెత్తిన వేసుకుని మేడమెట్లెక్కాను. ఆ పిల్లాడి తల్లి చేతికంటిన పిండి దులుపుకుంటూ వచ్చి, నేను నోరు తెరవకముందే, "వీధిలోకి తరమమంటారా పిన్నిగారూ? ఇక్కడైతే కనీసం నా కళ్ళముందు ఉంటారు" అంది. నాకు మాట పెగల్లేదు. ఆవిడ పెట్టిన జంతికలు తిని, మజ్జిగ తాగి దిగి వచ్చేశాను.

వచ్చేశానేగానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అచ్చం అలాగే ఆలోచించిన ఒక తల్లి కథ నాకు తెలుసు. ఆవిడ తన ఇంటి కింద ఉన్న నేలమాళిగ తలుపు తీసి కుర్రాళ్ళని లోపలికి రానిచ్చింది. అందులో వాయించిన పిల్లలు తర్వాత ప్రపంచాన్నే ఊపేశారు. వాళ్ళ పేరు బీటిల్స్. ఆవిడ పేరు మోనా బెస్ట్. మొదటి పేరు తెలియనివాళ్ళు లేరు, రెండో పేరు తెలిసినవాళ్ళు అరుదు. అందుకే ఈ నాలుగు మాటలూ.

మోనా మనకి మరీ పరాయిది కాదు. తెల్లవాళ్ళ కుటుంబమే అయినా 1924లో ఢిల్లీలో పుట్టింది, ఈ దేశంలోనే పెరిగింది. పెద్దకొడుకు పీట్‌ని 1941 నవంబరు 24న మద్రాసులో కన్నది. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలకి అదే రాజధాని. యుద్ధం చివర, 1945లో, భర్త జానీ బెస్ట్‌తో, పిల్లలతో ఓడెక్కి ఆయన సొంతఊరు లివర్‌పూల్ చేరింది. మన ఎండలో పెరిగిన మనిషి ఆ చలిలో, ఆ పొగమంచులో ఎలా ఇమిడిందో!

లివర్‌పూల్ అప్పటికి దెబ్బతిన్న ఊరు. పెద్ద రేవు. ఒకనాడు ఇంగ్లండు మిల్లులకి కావలసిన పత్తంతా అక్కడ దిగేది. అందుకే జర్మన్లు దానిమీద కన్నేశారు. 1941 మే నెల మొదటివారంలో వరసగా ఏడు రాత్రులు బాంబులు కురిపించారు. యుద్ధం అయిపోయి ఏళ్ళు గడిచినా కూలిన ఇళ్ళ ఖాళీజాగాలు అలాగే ఉండిపోయాయి. రేషను 1954 దాకా సాగింది. ఆ ఖాళీజాగాల్లో ఆడుకున్న పిల్లలే పదిహేను పదహారేళ్ళ వాళ్ళయ్యాక పాటల పిచ్చిలో పడ్డారు.

ఆ పిచ్చి మొదట స్కిఫిల్ అనే పేరుతో వచ్చింది. 1956లో లోనీ డోనెగన్ అనే ఆయన రికార్డు ఒకటి బ్రిటనంతా మోగిపోయింది. అందులో గొప్ప ఏమిటంటే, ఆ సంగీతానికి డబ్బు అక్కర్లేదు. ఒక్క చవకరకం గిటారు ఉంటే చాలు, మిగతా వాద్యాలన్నీ వంటింట్లోనూ పెరట్లోనూ దొరికేవే. బట్టలుతికే గరుకు రేకుపలక మీద, కుట్టుపనికి వేళ్ళకి పెట్టుకునే తొడుగులతో గీకితే తాళం. టీపొడి వచ్చే చెక్కపెట్టెకి పొడుగాటి చీపురుకర్ర బిగించి, తాడు కట్టి లాగితే మంద్రస్వరం. ఎన్ని ఇళ్ళలో తల్లులు ఉతుకుపలక కోసం వెతుక్కున్నారో, ఎందరు చీపురుకర్ర కనబడక పిల్లల్ని కేకలేశారో చరిత్రకారులు లెక్క రాయలేదు. నా ఉద్దేశంలో రాయవలసిందే!

లివర్‌పూల్లోనే వందలకొద్దీ బృందాలు ఎందుకు పుట్టాయీ అంటే, ఓడల్లో పనిచేసేవాళ్ళు అమెరికా నుంచి కొత్త రికార్డులు తెచ్చేవారని చెప్తారు. కొంత నిజమే కావచ్చు. కానీ ఇంకో కారణం ఉంది, అది తల్లులకి బాగా అర్థమవుతుంది. అంతకుముందు బ్రిటన్‌లో పద్ధెనిమిదేళ్ళు నిండిన ప్రతి కుర్రాడూ రెండేళ్ళు సైన్యంలో పనిచెయ్యాలి. 1939 అక్టోబరు నుంచి పుట్టినవాళ్ళకి ఆ పిలుపు రాలేదు. జాన్ లెనన్ 1940 అక్టోబరులో పుట్టాడు. అంటే మొట్టమొదటిసారిగా, మీసాలు మొలిచిన కుర్రాళ్ళు బారకాసులకి పోకుండా ఇళ్ళలోనే ఉండిపోయారు. గిటార్లు వాయిదాల మీద దొరికేవి. చేతిలో గిటారుంది, కావలసినంత తీరికుంది. లేనిదల్లా చోటు. ఓడ రికార్డుని తేగలదుగానీ, వాయించుకోడానికి గదిని తేలేదు కదా!

ఆ గది కోసం వాళ్ళు పడిన పాట్లు చూడండి. జాన్‌ని పెంచింది పెద్దమ్మ మిమీ. క్రమశిక్షణ గల మనిషి. ఇంట్లో ఆ గోల పనికిరాదని అద్దాల వాకిట్లోకి పంపేసేది. పాపం, వాడు అక్కడ నిలబడే వాయించుకునేవాడు. కన్నతల్లి జూలియా వేరే ఇంట్లో ఉండేది. ఆవిడకి బాంజో వచ్చు. కొడుక్కి మొదటి స్వరాలు నేర్పింది ఆవిడే. 1958 జులైలో మిమీని చూసి తిరిగి వెళుతూ రోడ్డు దాటుతుంటే కారు గుద్ది చనిపోయింది. పాల్ మెకార్ట్నీ తల్లి మేరీ నర్సు, మంత్రసాని. ఆవిడ 1956లో పోయేనాటికి పాల్‌కి పద్నాలుగేళ్ళు. తండ్రి పత్తి వ్యాపారసంస్థలో ఉద్యోగి, వయసులో ఉండగా సొంత జాజ్ బృందం నడిపినవాడు. తండ్రి ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఆ తల్లిలేని ఇంట్లో జాన్, పాల్ ఎదురెదురుగా కూర్చుని పాటలు కట్టుకునేవారు. జార్జ్ హారిసన్ తల్లి లూయీజ్ మాత్రం అదృష్టవశాత్తూ ఉంది. కొడుకు వేళ్ళు నొప్పిపుట్టేలా రాత్రిళ్ళు సాధన చేస్తుంటే పక్కన తోడు కూర్చునేదిట.

ఒక్కో ఇంట్లో ఒక్కో మూల దొరికింది. కానీ ఇంటిమూలలో వాయించుకుంటే సాధన అవుతుంది, సంగీతం అనిపించుకోదు. వినేవాళ్ళు ఉండాలి. ఊళ్ళో సంగీతకచేరీలకి చోట్లు లేకపోలేదు. మాథ్యూ వీధిలో పండ్లగిడ్డంగి నేలమాళిగలో 1957 జనవరిలో కావెర్న్ అనే క్లబ్బు తెరిచారు. అయితే అది జాజ్ వాళ్ళది. రాక్ కుర్రాళ్ళని చూస్తే వాళ్ళకి చిన్నచూపు. చర్చి హాళ్ళున్నాయి, అక్కడ కొట్లాటలు. ఇదిగో ఇక్కడే మన మోనా వస్తుంది.

1954లో మోనా ఒక పని చేసింది. వింటే మన అత్తగార్లు గుండెలు బాదుకుంటారు. ఒంటిమీది నగలు తాకట్టుపెట్టి, ఆ డబ్బంతా డెర్బీ గుర్రప్పందెంలో ఒక్క గుర్రం మీద కాసింది! ఆ గుర్రం పేరు 'నెవర్ సే డై'. ఆశ వదులుకోకు అని అర్థం చెప్పుకోవచ్చు. ఎక్కినవాడు పద్ధెనిమిదేళ్ళ లెస్టర్ పిగట్. ఒకటికి ముప్ఫైమూడు ఇచ్చే పందెం, అంటే గెలుస్తుందని ఎవరూ అనుకోని గుర్రమన్నమాట. గెలిచింది. ఆ డబ్బు ఆసరాతో తర్వాత వెస్ట్ డెర్బీ అనే పేటలో, హేమన్స్ గ్రీన్ వీధిలో పదిహేను గదుల పాతకాలపు పెద్ద ఇల్లు కొంది. నగలతో ఇలా జూదమాడండని నేను చెప్పడంలేదు సుమండీ. కానీ గుర్రం ఓడిపోయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని నాకు ఉండేది కాదు.

ఆ ఇంటికింద పెద్ద నేలమాళిగ ఉంది. పీట్, వాడి తమ్ముడు రోరీ, వాళ్ళ స్నేహితులు అందులో చేరి పాటలు పెట్టుకుంటామన్నారు. ఇంతలో లండన్‌లో కుర్రాళ్ళు పాడుకునే కాఫీబారు ఒకదాన్ని మోనా టెలివిజన్‌లో చూసింది. మనింట్లోనే ఎందుకు పెట్టకూడదూ అనుకుంది. క్లబ్బుకి కాస్బా అని పేరు పెట్టింది. గోడలకి రంగులెయ్యడానికి పిల్లలనే పురమాయించింది. గోడమీద డ్రాగన్ బొమ్మ ఆవిడే వేసింది. ఒక గది కప్పుకి ఇంద్రధనుస్సు రంగులు పాల్ వేశాడు. హ్రస్వదృష్టి ఉన్న జాన్ ఒక రంగుడబ్బా అనుకుని ఇంకో డబ్బా తీసి పులిమేస్తే, తెరిచేనాటికి కూడా అది ఆరలేదని చెప్పుకుంటారు.

1959 ఆగస్టు 29, శనివారం. సభ్యత్వం రెండున్నర షిల్లింగులు. కాఫీ, కోకాకోలా, కేకులు. మద్యం చుక్క లేదు. మొదటిరాత్రే సుమారు 300 మంది వచ్చారు. వాయించింది క్వారీమెన్ అనే బృందం - జాన్, పాల్, జార్జ్, కెన్ బ్రౌన్. నలుగురి దగ్గరా గిటార్లేగానీ డ్రమ్ములు లేవు. ఎవరైనా అడిగితే, లయ గిటార్లలోనే ఉందిగా అని బుకాయించేవారట. ముప్ఫైఅయిదేళ్ళ మోనా గుమ్మం దగ్గర నిలబడి, అన్నీ తానే చూసుకుంది. ఆ పిల్లలు ఆవిణ్ణి 'మో' అని పిలిచేవారు. బృందానికి రాత్రికి మూడు పౌన్లు, అంటే తలకి పదిహేను షిల్లింగులు.

ఈ పదిహేను షిల్లింగులే అసలు కథ. అక్టోబరు 10 రాత్రి కెన్ బ్రౌన్‌కి ఒంట్లో బాగాలేదు. వాయించలేకపోయాడు. మోనా వాణ్ణి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి వచ్చేపోయేవాళ్ళని చూసుకోమంది. చివర్లో డబ్బు పంచేటప్పుడు వాడి పదిహేనూ వాడికిచ్చేసింది. మిగిలిన ముగ్గురూ ఒప్పుకోలేదు. వాయించనివాడికి వాటా ఏమిటన్నారు. మోనా దిగిరాలేదు. జబ్బుచేస్తే అన్నం మానిపిస్తామా? ఆవిడ లెక్క అది. ముగ్గురూ గిటార్లు సర్దుకుని వెళ్ళిపోయారు. కెన్, పీట్ కలిసి వేరే బృందం పెట్టుకున్నారు. మోనా కొడుక్కి డ్రమ్ములు కొనిపెట్టింది. అలా పీట్ డ్రమ్మరయ్యాడు.

ఏడాది తిరక్కుండా ఆ వెళ్ళినవాళ్ళకే అవసరం వచ్చింది. 1960 ఆగస్టులో జర్మనీలో హాంబర్గ్ అనే రేవుపట్నంలో వాయించడానికి పిలుపొచ్చింది. డ్రమ్మరు కావాలి. పాల్ ఫోన్ చేశాడు. పీట్ వెళ్ళాడు. అప్పటికి వాళ్ళ పేరు బీటిల్స్ అయింది. అక్కడ రాత్రికి ఎన్నో గంటలు వాయించి వాయించి రాటుదేలారు. వయసు చాలదని జార్జ్‌ని, బసలో చిన్న మంట పెట్టిన గొడవలో పాల్‌ని, పీట్‌ని పోలీసులు వెనక్కి పంపేశారు. దిగులు మొహాలతో ఇల్లు చేరారు. వాళ్ళు తిరిగి మొదట వాయించింది ఎక్కడో తెలుసా? డిసెంబరు 17న, కాస్బాలో. తలుపు మళ్ళీ తెరిచింది మోనాయే.

ఆపైన ఆ ఇల్లే బీటిల్స్ ఆఫీసు అయింది. కచేరీలు కుదుర్చుకునే ఫోను ఆ ఇంటిదే. వాద్యాలు మోసే వ్యాను ఆ ఇంట్లో అద్దెకున్న నీల్ ఆస్పినాల్ అనే కుర్రాడిది. అకౌంట్లు చదువుకుంటున్న ఆ కుర్రాడే తర్వాత బీటిల్స్ సంస్థకి అధిపతి అయ్యాడు. మోనా వేరేచోట్ల హాళ్ళు అద్దెకి తీసుకుని కచేరీలు పెట్టించింది. జాజ్ మోజు తగ్గుతున్న కావెర్న్ యజమాని రే మెక్‌ఫాల్‌కి ఫోన్ చేసి, ఈ పిల్లల్ని తీసుకో అని నచ్చచెప్పింది. 1961 ఫిబ్రవరి 9 మధ్యాహ్నం వాళ్ళు అక్కడ మొదటిసారి బీటిల్స్‌గా వాయించారు.

ఆ మధ్యాహ్నం కచేరీల సంగతి చెప్పాలి. ఆఫీసుల్లో టైపిస్టు పిల్లలు, దుకాణాల్లో పనిచేసే పిల్లలు భోజనవిరామంలో పరిగెత్తుకొచ్చి, మెట్లు దిగి, ఆ చెమటకంపులో నిలబడి పాటలు విని మళ్ళీ పనిలోకి పోయేవారు. వాళ్ళు లేకపోతే ఆ సంగీతమే లేదు. కోట్లు భద్రపరిచే గదిలో పనిచేసిన ప్రిసిల్లా వైట్ అనే టైపిస్టు పిల్ల తర్వాత సిల్లా బ్లాక్ పేరుతో పాడి, 1964లో రెండు పాటలతో బ్రిటన్‌లో మొదటిస్థానం కొట్టింది. బిల్ హారీ అనే విద్యార్థి, తర్వాత అతని భార్య అయిన వర్జీనియా కలిసి 1961 జులైలో 'మెర్సీ బీట్' అని ఊరి బృందాల కోసమే ఒక పత్రిక పెట్టారు. మేరీ, సిల్వియా, వలెరీ, పామ్ అనే నలుగురమ్మాయిలు లివర్‌బర్డ్స్ పేరుతో సొంతబృందం కట్టారు. అమ్మాయిలు గిటార్లు వాయించరని జాన్ ఎకసెక్కెంగా అన్నాడని వాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. వాళ్ళేం తక్కువ తిన్నారా, 1964లో హాంబర్గ్ వెళ్ళి పేరు తెచ్చుకున్నారు. ఒక ఊరి సంగీతం అంటే నలుగురు మగపిల్లలు కాదు, ఇంతమంది.

ఇక బాధాకరమైన భాగం. 1961 నవంబరులో రికార్డుల దుకాణం నడిపే బ్రయన్ ఎప్‌స్టీన్ కావెర్న్‌లో వాళ్ళని విని, మేనేజరయ్యాడు. ఫోను మోనా ఇంట్లోంచి ఆయన ఆఫీసుకి మారింది. 1962 జూన్ 24న కాస్బా మూతపడింది. చివరిరాత్రి వాయించిందీ బీటిల్సే. రికార్డుకంపెనీలో జార్జ్ మార్టిన్ పీట్ వాయింపు విని, రికార్డింగుకి మరో డ్రమ్మర్ని పెట్టుకుంటానన్నాడు. ఆగస్టు 16న ఎప్‌స్టీన్ పీట్‌ని పిలిచి, నువ్వు ఇక వద్దన్నాడు. ఎందుకు అనేదానికి ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. రెండేళ్ళు ఒకే వ్యానులో తిరిగిన ముగ్గురు స్నేహితుల్లో ఒక్కడూ ఎదురుపడి ఆ మాట చెప్పలేదు. వాడి చోట్లోకి రింగో స్టార్ వచ్చాడు. రింగో గొప్ప డ్రమ్మరు, కాదనను. అక్టోబరు 5న మొదటి రికార్డు బయటికొచ్చింది. అంటే ఏడు వారాలు!

మోనా ఊరుకోలేదు. లండన్‌లో జార్జ్ మార్టిన్‌కి ఫోన్ చేసి అడిగింది. రికార్డు సంగతే అన్నాను, బృందంలోంచి తీసెయ్యమని అనలేదన్నాడాయన. అంతకంటే ఎవరేం చెయ్యగలరు? వాయించలేని రాత్రి కూడా కెన్ వాటా కెన్‌కి ఇచ్చిన ఆవిడ ఇంట్లోనే, రెండేళ్ళు వాయించినవాడికి వాటా లేకుండా పోయింది. పీట్ తర్వాత ఉపాధికార్యాలయంలో ఉద్యోగం చేసుకున్నాడు. 1995లో పాత రికార్డింగులు విడుదలైనప్పుడుగానీ అతని వాటా అతనికి ముట్టలేదు. అది చూడ్డానికి తల్లి లేదు. ఆవిడ 1988లోనే పోయింది.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1967లో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' అనే రికార్డు అట్టమీద ఫోటోకి రంగురంగుల సైనికదుస్తులు వేసుకున్నారు. జాన్‌కి పతకాలు కావలసివచ్చాయి. ఎవర్ని అడిగాడనుకున్నారు? మోనాని! మన దేశంలో సైన్యంలో పనిచేసిన ఆవిడ తండ్రి పతకాలు ఇంట్లో ఉండేవి. కన్నకొడుకుని అలా పంపేసినవాడు అడిగితే నేనైతే ఏం చేసేదాన్నో తెలియదు. ఫోను పెట్టేసేదాన్నేమో. ఆవిడ ఇచ్చింది. ఆ పతకాలు పెట్టుకుని జాన్ నిలబడ్డ ఫోటో కోట్ల ఇళ్ళకి చేరింది. క్షమించిందా, పెద్దరికం చూపించిందా, లేక తన కింది గదిలో రంగు పులిమిన కుర్రాడు వాడే కదా అనుకుందా? ఏమనుకుందోగానీ, ఆవిడ గుమ్మం తలుపు మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు.

కావెర్న్ అసలు నేలమాళిగని 1973లో పూడ్చేశారు. ఇప్పుడున్నది తర్వాత మళ్ళీ కట్టింది. మోనా నేలమాళిగ మాత్రం ఆ పిల్లలు వేసిన రంగులతో అలాగే ఉంది. 2006లో దాన్ని కాపాడవలసిన కట్టడాల్లో చేర్చారు. జనం వెళ్ళి కప్పుకేసి తలెత్తి చూస్తూంటారు.

మా పైవాటా కుర్రాళ్ళు బీటిల్స్ అవుతారని నాకేమీ భ్రమల్లేవు. ఇంతకీ వాళ్ళు వాయించేది ఏ పాటో కూడా నాకు తెలియలేదు. కానీ నిన్న మళ్ళీ మెట్లెక్కాను. "పరీక్షలయ్యేదాకా ఏడున్నరకల్లా ఆపెయ్యండి నాయనా. ఆదివారం మాత్రం మా వెనకగదిలో వాయించుకోండి, అక్కడెవరికీ వినబడదు" అన్నాను. నలుగురూ ఒక్కసారి దండాలు పెట్టేశారు.

ఆ మూడోవాడు ఏం చేస్తాడో ఈ ఆదివారం తేలిపోతుంది.